మూడో అంతస్తుకి కూడా ఎలుకలా? విసిగిపోయాను, ఏదైనా దారి చెప్పండి

మూడో_అంతస్తు
హైదరాబాద్‌లో 12 ఏళ్ల పాత అపార్ట్‌మెంటు మాది. కింద ఇళ్లలోకి ఎలుకలొస్తే అర్థం చేసుకోవచ్చు, మా దాకా ఎలా ఎక్కుతున్నాయో అంతు పట్టడం లేదు. వానలు పడ్డప్పటి నుంచీ ఇదే గోల. ముందు రాత్రిళ్లు ఉల్లిపాయల బుట్టలో గరగర. తర్వాత వాషింగ్ మెషీన్ నీళ్లు పోయే పైపు కొరికేస్తే బాల్కనీ నుంచి హాలు దాకా చెరువు. నిన్న అటక మీది సూట్‌కేసు దించితే నా పెళ్లి పట్టుచీర కొంగు చివర జల్లెడ అయిపోయి ఉంది. సూట్‌కేసు జిప్పు ఒక వేలెడు తెరిచి ఉందంతే. కూర్చుని ఏడ్చాను, నిజంగానే.

ఇప్పటిదాకా కలరా ఉండలు, లవంగాలు, పుదీనా నూనె అన్నీ అయ్యాయి. ప్లగ్గుకి తగిలించే సౌండు మెషీను 900 పెట్టి కొన్నాను. దాని కిందే పెసరపప్పు ప్యాకెట్టు చింపుకుని తింది. బోను తెచ్చి ఉల్లిపాయ బజ్జీ పెట్టాను. పొద్దున చూస్తే బజ్జీ లేదు, బోను తలుపు పడే ఉంది, లోపల ఎలుక లేదు! మూడు రాత్రులు ఇదే వరస.

ఇంట్లో నాలుగేళ్ల పిల్లాడున్నాడు. మా అత్తగారేమో వినాయకచవితి దాటేదాకా ఒక్కదాన్ని కూడా చంపడానికి వీల్లేదంటున్నారు.

బ్యాచిలర్_రూం_7
900 పెట్టి దానికి మ్యూజిక్ సిస్టం, రోజూ బజ్జీ. మా హాస్టల్ కంటే మీ ఇల్లే నయం అక్కా, నేనూ వచ్చేస్తా.

కిరాణా_కొట్టు
ఇన్ని తిప్పలెందుకు? మందు బిళ్లలు దొరుకుతాయి, నీలం రంగువి, ఆకుపచ్చవి. నాలుగు మూలల్లో నాలుగు పడేయండి. తిన్న ఎలుకకి దాహమేసి బయటికి పోయి చస్తుంది. నా కొట్టు పాతికేళ్ల నుంచి నడుస్తోంది, నాకు తెలియని ఎలుకలా?

నిద్రపట్టని_నర్సు
పైన నాలుగేళ్ల పిల్లాడున్నాడని రాశారు చూడండి. మూలల్లో పడేయడమేంటండీ.

బ్యాచిలర్_రూం_7
కిరాణా అన్నా, ఆ దాహం కథ మా ఓనరు కూడా నమ్మాడు. ఎలుక బయటికి పోలేదు, ఫాల్స్ సీలింగ్ పైకి పోయింది. 12 రోజులు కంపు. పదమూడో రోజు పురుగులు లైటు సందులోంచి కింద పడ్డాయి, నేను భోంచేస్తున్నప్పుడు. ఇంకా రాయనా?

మూడో_అంతస్తు
వద్దు బాబూ.

గోదారి_గట్టు
దాహం మాట ఉత్తదే. ఆ బిళ్లల్లో ఉండేది బ్రోమాడయోలోన్, 0.005 శాతం. నెత్తురు గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న మూడు నాలుగు రోజులకి గాని చావదు. ఒంట్లో ఓపిక పోయాక ఎక్కడ గూడుంటే అక్కడే పడుకుంటుంది. పొలంలో అయితే బొరియలోనే పోతుంది కాబట్టి మాకు బాధ లేదు, మీ ఇంట్లో గోడ వెనక పోతుంది. వరిలో మేం నూకలు 96 పాళ్లు, నూనె 2, మందు 2 కలిపి బొరియల్లో పెడతాం. మాకది మారుటేరు వరి పరిశోధనా స్థానం వాళ్లు నేర్పారు. జింకు ఫాస్ఫైడు అనే ఇంకో మందు వాడేటప్పుడైతే ముందు రెండు రోజులు మందు లేని నూకలే పెట్టి అలవాటు చెయ్యాలి. లేకపోతే ఎలుక కాస్త రుచి చూసి, ఒంట్లో తేడా చేస్తే జన్మలో మళ్లీ ముట్టదు. అదంతా పొలం సంగతి. జింకు ఫాస్ఫైడు మాత్రం ఇంటి గడప లోపలికి తేవద్దు.

అసలు మీ ఇంటికొచ్చేది ఏ ఎలుక? అది తేల్చుకోకుండా డబ్బు తగలేస్తున్నారు. మాకు పొలంలో ఒక రకం, కొబ్బరిచెట్టు మీద ఇంకో రకం, ఇంటి చుట్టూ గోడల కింద గుల్ల చేసే పందికొక్కు వేరే. పందికొక్కు మూడో అంతస్తు ఎక్కదు. రెట్టలు ఎంత పొడవున్నాయో చూసి చెప్పండి.

డాలస్_బాబాయ్
మాటలో మాట. ఇంగ్లీషువాళ్లు బ్యాండికూట్ అంటారే, అది మన పందికొక్కు మాటే. ఆస్ట్రేలియాలో ఎలుక జాతే కాని, పొట్ట సంచిలో పిల్లల్ని మోసే జంతువొకటుంది, దానికీ ఆ పేరే పెట్టేశారు. మనం ప్రపంచానికి ఇచ్చింది ఆవకాయ ఒక్కటే కాదు.

కొత్తిమీర_కట్ట
గర్వపడాలో సిగ్గుపడాలో చెప్పండి బాబాయ్ గారూ 😀

మూడో_అంతస్తు
గోదారి గారూ, స్టవ్వు కింద చూశాను. బియ్యపు గింజలో సగం ఉన్నాయి, నల్లగా, కొసలు సన్నంగా. నల్ల జీలకర్ర ఒలికిందేమో అనుకున్నా మొదట. (అంటే ఇన్నాళ్లూ... ఛీ.)

గోదారి_గట్టు
అయితే అది చుండెలుక. పెద్ద ఎలుకది అయితే చిక్కుడు గింజంత ఉంటుంది. మీ బోను సంగతి కూడా ఇప్పుడు తేలింది. మీరు తెచ్చింది పెద్ద ఎలుకల బోను. చుండెలుక లోపలికి పోయి, బజ్జీ లాగి, తలుపు పడ్డాక ఊచల సందులోంచి బయటికొచ్చి వెళ్లిపోతోంది. సన్న జాలీ అల్లిన బోను అడగండి, చిన్నది.

ఇంకో తేడా ఉంది. పెద్ద ఎలుకకి కొత్త వస్తువంటే భయం, బోను పెడితే నాలుగు రోజులు దగ్గరికే రాదు. చుండెలుకకి కొత్తదంటే కుతూహలం. మొదటి రాత్రే వస్తుంది.

మూడో_అంతస్తు
ఊచల సందులోంచి! మా ఆయన బోనుకి దెయ్యం పట్టిందన్నారు. మూడు రోజులు బజ్జీలు వేసి పెట్టినందుకు నన్ననాలి.

కొత్తిమీర_కట్ట
పిల్లిని తెచ్చుకోండి. విజయవాడలో మా పెంకుటింట్లో పిల్లి ఉన్నన్నాళ్లూ ఎలుక అలికిడే లేదు.

బ్యాచిలర్_రూం_7
మా హాస్టల్ పిల్లికి రెండు పూటలా పెరుగన్నం. ఎలుక ఎదురొస్తే పక్కకి తప్పుకుని దారిస్తుంది.

కొత్తిమీర_కట్ట
మీరు పెంచిన తీరు అది.

డాలస్_బాబాయ్
చెల్లెమ్మా, ఆ సౌండు మెషీన్లు ఇక్కడా కొన్నాం, మా ఆవిడ రెండు కొంది. 2001లోనే ఇక్కడి అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటివి అమ్మే 60కి పైగా కంపెనీలకి హెచ్చరిక ఉత్తరాలు రాసింది, మీరు చెప్పుకునే గొప్పలకి శాస్త్రీయమైన ఆధారం చూపించండని. ఒకటి రెండు రోజులు బెదిరినా తర్వాత అలవాటు పడిపోతాయి. పైగా ఆ శబ్దం గోడ దాటదు, అల్మారా దాటదు.

మా గరాజ్‌లోకి చలికాలం వచ్చేసరికి చుండెలుకలు దిగేవి. మూడేళ్లు పట్టుకోవడమే పనిగా పెట్టుకున్నా. పట్టినకొద్దీ వచ్చేవి. 21 రోజులకో కాన్పు, కాన్పుకి అయిదారు పిల్లలు, మనం ఎక్కడ గెలుస్తాం? నాలుగో ఏడు ఒక శనివారం టార్చిలైటు, పెన్సిలు పట్టుకుని ఇల్లంతా తిరిగాను. పెన్సిలు దూరే సందు ఉంటే చుండెలుక దూరుతుంది, 6 మిల్లీమీటర్లు చాలు దానికి. తల పడితే ఒళ్లంతా పడుతుంది. పెద్ద ఎలుకకి బొటనవేలు దూరేంత కావాలి. అలా 11 సందులు దొరికాయి. గ్యాసు పైపు చుట్టూ, ఏసీ పైపు చుట్టూ, గరాజ్ తలుపు కింద రబ్బరు చివర. అన్నీ మూశాక ఆ ఏడు ఒక్కటి వచ్చింది. ఆ ఒక్కటీ ఎక్కణ్నుంచో ఇప్పటికీ తెలియదు.

కిరాణా_కొట్టు
మందు వద్దంటే జిగురు అట్టలు పెట్టుకోండి. 60 రూపాయలు. చంపినట్టూ కాదు, మీ అత్తగారికీ తృప్తి.

కొత్తిమీర_కట్ట
చంపినట్టు కాదా? మా పక్కింటివాళ్లు పెట్టారు. రాత్రంతా కీచుమంటూ అరిచింది. పొద్దున చూస్తే చర్మం ఊడొచ్చేలా పెనుగులాడి ఇంకా బతికే ఉంది. దాన్నేం చెయ్యాలో తెలియక అట్టతో సహా చెత్తబుట్టలో పడేశారు. అదే అట్టకి బల్లి కూడా అంటుకుంది. కేంద్ర జంతు సంక్షేమ బోర్డు అవి ఆపించమని రాష్ట్రాలకి రాసింది, కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి కూడా. అమ్మేవాళ్లు తెలుసుకుని అమ్మితే బాగుంటుంది.

కిరాణా_కొట్టు
అడిగినవాళ్లకే అమ్ముతామమ్మా, ఎవరినీ పిలిచి చేతిలో పెట్టం. సరే, మందు మాట పక్కన పెడదాం. మా గోడౌన్ నేర్పిన సంగతి ఒకటి చెప్తా, ఇందులో ఎవరూ తప్పు పట్టలేరు. బస్తాలు గోడకి ఆనించను. గోడకీ బస్తాకీ మధ్య మనిషి నడిచేంత సందు, కింద చెక్క బల్ల. ఎలుక గోడ పట్టుకునే నడుస్తుంది, నడి మధ్యలోకి రావడానికి భయపడుతుంది. గోడ వారన సామాను లేకపోతే దానికి దాక్కునే చోటు ఉండదు, వచ్చిందంటే నాకు తెలుస్తుంది. మీ ఇంట్లో పప్పులన్నీ ప్లాస్టిక్ డబ్బాల్లో ఉన్నాయా? స్టీలు డబ్బాల్లోకి మార్చండి. ప్లాస్టిక్కు దానికి జంతికతో సమానం.

బ్యాచిలర్_రూం_7
మొదటిసారి కిరాణా అన్న మాటకి లైకు కొట్టాను.

నిద్రపట్టని_నర్సు
మందు మాట పక్కన పెట్టేముందు ఒకటి చెప్పాలి, పొద్దుటి నుంచి రాయాలా వద్దా అనుకుంటున్నా. బిళ్లలు వేరు, ట్యూబులో వచ్చే పేస్టు వేరు. పేస్టులో ఉండేది పసుపు భాస్వరం. బిళ్ల పొరపాటున తిన్నవాళ్లకి విటమిన్ కె ఉంది, వెంటనే తీసుకొస్తే కాపాడుకోవచ్చు. పేస్టుకి విరుగుడు లేదు.

కొన్నేళ్ల కింద మా వార్డుకి అయిదేళ్ల పాపని తెచ్చారు. బిస్కెట్టు మీద పేస్టు రాసి బీరువా కింద పెట్టారట, బంతి కోసం దూరిన పిల్ల తినేసింది. వాంతులయ్యాయి, మర్నాటికి తేరుకుంది, ఆడుకుంటోంది. ఇంటికి తీసుకెళ్తామని వాళ్ల నాన్న ఒకటే గొడవ. ఆ మందుతో వచ్చిన చిక్కే అది, మధ్యలో ఒకటి రెండు రోజులు బాగున్నట్టే కనిపిస్తారు. మూడో రోజు కళ్లు పచ్చబడ్డాయి. కాలేయం పోయింది.

ఇక రాయను. పేస్టు ఇంట్లో ఉంటే ఈరోజే తీసేయండి. ఎవరైనా ఏ మందైనా తింటే, బాగున్నట్టు కనిపించినా సరే, ఆ డబ్బా చేతిలో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. కలరా ఉండలు కూడా పిల్లలకి అందేచోట వద్దు, మిఠాయి అనుకుంటారు.

మూడో_అంతస్తు
చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కలరా ఉండలన్నీ ఏరేశాను. మందు అనే మాట మా ఇంట్లో ఇక లేదు.

కిరాణా_కొట్టు
పేస్టు నేనూ అమ్మను. మానేసి చాలా కాలమైంది.

వైర్‌మన్_777
ఎవరూ కరెంటు మాటెత్తలేదేం? నాకు నెలకి రెండు మూడు కేసులు ఎలుకలవే. ఎలుక ముందుపళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోక తప్పదు. అది వైరు తింటుందని కాదు, కొరకడానికి మెత్తగా ఉంటుందంతే. తొడుగు ఊడి రాగి తీగ బయటపడ్డాక ఎప్పుడు అంటుకుంటుందో తెలియదు. అక్కా, ఫ్రిజ్జు వెనకా వాషింగ్ మెషీన్ వెనకా వైర్లు చూసుకోండి, ముట్టుకోకుండా, ముందు మెయిన్ ఆపి. మాటిమాటికీ ఎంసీబీ (షార్టయితే తనంతట పడిపోయే స్విచ్చు) పడిపోతుంటే ఊరికే పైకి లేపుకుంటూ కూర్చోవద్దు.

కారున్నవాళ్లు బానెట్ కింద కూడా చూసుకోండి. వానాకాలం ఇంజను వెచ్చగా ఉంటుందని దూరతాయి.

బ్యాచిలర్_రూం_7
కారుకి పొగాకు కాడలు కడితే రావంటారు నిజమేనా?

వైర్‌మన్_777
ఒక సారు కట్టించారు. వారం తర్వాత ఆ కాడలే పరిచి దాని మీద పిల్లల్ని పెట్టింది. ఇంకొకాయనకి బాగా పనిచేసిందట, ఆయన కారు రోజూ తిరుగుతుంది లెండి. తిరిగే కారులో కాపురం పెట్టవు, అసలు సంగతి అదేనేమో.

గోదారి_గట్టు
కొబ్బరిచెట్టుకి ఎలుక ఎక్కకుండా నేల నుంచి ఆరడుగుల పైన మానుకి నున్నటి రేకు చుడతాం, కాళ్లు జారిపోతాయి. మీ అపార్ట్‌మెంటులో బయట గోడ మీద దిగే మురికినీళ్ల పైపులన్నీ దానికి కొబ్బరిచెట్లే. మీ వంటింటి సింకు కింద ఆ పైపు గోడలోకి పోయే చోటు ఎలా ఉందో చూడండి ముందు.

మూడో_అంతస్తు
చూశాను!! సింకు కింద అల్మారాలో ఫినాయిలు సీసాలు, పాత గుడ్డలు, మా అత్తగారి కవర్ల నిధి అన్నీ తీస్తే వెనక పైపు చుట్టూ రెండు వేళ్లు పట్టేంత కన్నం. కట్టినప్పుడే ప్లంబరు వదిలేసినట్టున్నాడు, 12 ఏళ్ల నుంచీ ఉంది. మొబైలు లైటు వేస్తే అవతల పైపులు దిగే డక్టులోంచి గాలి మొహానికి కొట్టింది. అంచులంతా జిడ్డు నలుపు, రాసుకుని రాసుకుని తిరిగినట్టు. రేపే సిమెంటు పెట్టించేస్తా.

డాలస్_బాబాయ్
ఆగు తల్లీ. ఇంట్లో ఉన్నవి లోపలే ఉండిపోతే? ముందు పట్టుకో, తర్వాత మూయి.

గోదారి_గట్టు
బాబాయ్ గారూ, మీరు పడుతుంటే అవతల నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి. మీరే రాశారు కదా మూడేళ్లు అదే పని అని. కన్నం ఈ పూటే మూయాలి, బోను కూడా ఈ పూటే పెట్టాలి. లోపల చిక్కినదానికి దారి లేక ఆకలేసి ఇంకా త్వరగా పడుతుంది.

డాలస్_బాబాయ్
ఒప్పుకున్నా. నా మూడేళ్లు నాకే అప్పజెప్పారు.

వైర్‌మన్_777
ఉత్త సిమెంటు పెడితే ఆరేలోపే తవ్వేస్తాయి. గిన్నెలు తోమే స్టీలు పీచు కన్నంలో బిగించి కూరి, దాని మీద సిమెంటు. మా ఊళ్లో సిమెంటులో గాజు పెంకులు కలిపేవాళ్లు, పిల్లాడున్న ఇంట్లో అది వద్దు. స్ప్రే ఫోము కూడా వద్దు, కొరికేస్తాయి. బాత్రూం నీళ్లు పోయే చోట స్క్రూలతో బిగించే స్టీలు జాలీ వేయించండి. ఏసీ పైపు కన్నం, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా చూడండి.

నిద్రపట్టని_నర్సు
ఆ అల్మారా ఊడ్చే ముందు: పొడి చీపురు పెట్టకండి, ఆ దుమ్ము పీల్చకూడదు. కిటికీలు ఓ అరగంట తెరిచి ఉంచి, బ్లీచింగ్ నీళ్లు చల్లి కాసేపు నాననిచ్చి, గ్లౌజులేసుకుని తడిగుడ్డతో తీయండి. వానాకాలం ఎలుక ఉచ్చ కలిసిన నీళ్లు కాలి పుండుకి తగిలితే లెప్టోస్పైరోసిస్, ఎలుక జ్వరమంటాం కదా, అది రావచ్చు.

మూడో_అంతస్తు
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. సింకు కింద, ఏసీ పైపు దగ్గర, వాషింగ్ మెషీన్ వెనక, మొత్తం మూడు కన్నాలు. స్టీలు పీచు 6 ప్యాకెట్లు పట్టింది. వంటింటి తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టించాం. సన్న జాలీ బోనులో కాల్చిన ఎండుకొబ్బరి ముక్క దారంతో కట్టి గోడ వారన పెట్టాను. మొదటి రాత్రే ఒకటి, మర్నాడు రెండు! మా ఆయన స్కూటరు మీద తీసుకెళ్లి ఊరి చివర బీడులో వదిలారు. అత్తగారు అక్కడ దిగబెట్టాక దండం పెట్టమన్నారట, పెట్టారట.

గూడు కూడా దొరికింది. అటక మీద పాత మిక్సీ అట్టపెట్టెలో. థర్మోకోలు, కరెంటు బిల్లులు, మధ్యలో నా చీర జరీ పోగులు మెత్తగా దూదిలా ఏకి పరిచింది.

బ్యాచిలర్_రూం_7
పట్టు పరుపు. మనకి లేదా యోగం.

కొత్తిమీర_కట్ట
ఇంకా ఉన్నాయో లేవో ఎలా తెలుస్తుంది?

కిరాణా_కొట్టు
రాత్రి పడుకోబోయే ముందు గోడ వారన పిండి పల్చగా చల్లి పొద్దున అడుగులు చూడాలి. బియ్యప్పిండి మాత్రం వద్దు, తింటాయి. ముగ్గుపిండి.

మూడో_అంతస్తు
ఇది కూడా చేశాను. తొమ్మిది రాత్రులు చల్లాను. రెండో రాత్రి అడుగులున్నాయి, నాలుగో ఎలుక దొరికింది. అయిదో రాత్రి పెద్ద పెద్ద అడుగులు చూసి హడలిపోయా, అవి మా అత్తగారివి, నీళ్ల కోసం లేచారట. తర్వాత ఏమీ లేవు. ఉల్లిపాయల బుట్ట దగ్గర కూడా చప్పుడు లేదు. బోను మాత్రం తీయలేదు.

అపార్ట్‌మెంటు మీటింగులో డక్టుకి కింద జాలీ వేయించమన్నాను. మొదటి అంతస్తాయన "మాకు లేవు కదా" అన్నారు. మూడు కన్నాలూ మూసేశాం కాబట్టి ఇప్పుడు ఆయనకే వస్తాయేమో చూడాలి.

గోదారి_గట్టు
నెల దాకా బోను ఉంచండి. కొబ్బరి మారుస్తూ ఉండండి, పాతబడితే వాసన రాదు.

కొత్తిమీర_కట్ట
చీర ఏం చేశారు?

మూడో_అంతస్తు
అలాగే మడిచి పెట్టాను, పారేయడానికి చేతులు రావడం లేదు.

కొత్తిమీర_కట్ట
కొంగు చివరే అన్నారు కదా, ఎంత మేర?

మూడో_అంతస్తు
జానెడు.

కొత్తిమీర_కట్ట
జానెడే అయితే పోయిందనుకోకండి. పాడైన మేర కోసి కుచ్చులు వేయించండి, కొంగు కాస్త పొట్టిదవుతుంది అంతే. ముందు ఫొటో పెట్టండి, చూసి చెప్తా. కోసేది మాత్రం దర్జీ చేత కాదు, కుచ్చులు వేసేవాళ్లకే ఇవ్వండి.